డేటాబేస్‌మర్దిని కృపారాణి

వంశధారామాత తన తియ్యని జలములను ఉప్పుసంద్రమున గలిపి చేతులు దులుపుకొను పుణ్యస్థలమున, ఎండుచేపల సౌరభము దిగంతముల నాక్రమించిన కళింగపట్నమున, పడవలొడ్డుకు జేరి, గంపలు నిండి, కాకిమూకలు మంగళవాద్యములు మ్రోగించుచున్న శుభోదయమున, కూర్మయ్య చేపలకొట్టునందు ఘోరము జరిగెను. తూకపుచీటీలు అచ్చువేయు కంప్యూటరు మొరాయించి, తెరపై రక్తాక్షరములు చూపెను: డిస్కు నిండినది!

చీటీ లేనిదే గంప కదలదు. గంప ఎక్కనిదే వ్యాను కదలదు. మంచుగడ్డలు మాత్రము ఎవరి సెలవును గోరక కరుగుచుండెను.

అంతట లేచెను కృపారాణి! బాప్టిస్టు సంఘ గానబృందమున తారాస్థాయి కంఠము, ఆ కొట్టున ఏకైక ఆపరేటరు, మౌసుమాత్రాయుధ! గంపగంపకును దీసిన ఫొటోలను ఏళ్లతరబడి మ్రింగి పర్వతాకారమున బలిసిన డేటాబేసే శత్రువని గ్రహించి, యజమాని అనుమతితో పాత ఫొటోలనెల్ల ఊచకోత గోసెను. అసంఖ్యాకములగు చందువలు, వంజరములు, కవళ్లు ఆనాడు రెండవమారు మరణించెను.

పిమ్మట ఫైలును కొలిచి చూడగా, వెంట్రుకవాసియైనను తగ్గలేదు!

"ఓరీ దురాత్మా! నీ ఉదరస్థ మత్స్యకోటిని సంహరించితిని గదా! ఇంకను ఏమి మెక్కి ఉబ్బియుంటివి? నేడు నీవో, నేనో!" అని కోపారుణలోచనయై ఆమె గర్జింప, గుమ్మమున గంప దించుకొని కూర్చున్న లక్ష్మణమ్మ విసుగుకొనెను.

"ఏటమ్మా ఆ పురానం? నా కవళ్లు మెత్తబడిపోతన్నాయి. బేగి సూడు."

వీరవనిత ఫోనందుకొని, శ్రీకాకుళమున కంప్యూటర్లు బాగుచేయు బావ స్టాన్లీని శరణుజొచ్చెను.

"తుడిసీగానే సన్నబడిపోద్దేటే? సామాన్లు పారేసినావు, ఇల్లు అంతే ఉన్నాది," అనెను స్టాన్లీ. "కుదించమని సెప్పాల. అప్పుడది మిగిలిన సరుకుని కొత్త ఫైల్లోకి రాసుకొని పాతది వదిలేస్తాది. ఆ కొత్తదానికి ముందు డిస్కులో కూసింత కాళీ ఉండాల."

"కాళీ లేకే కదా బావా కుదిస్తన్నాను!"

"అదేనే తిరకాసు."

ఆమె డిస్కుసాగరమున మునిగి, లోతులు దేవి, అడుగున శయనించియున్న ఒక మహావీడియోను గనుగొనెను. అది కూతురి పెళ్లిలో కూర్మయ్య సలిపిన నృత్యము. నలుదిక్కుల నుండియు చిత్రింపబడినది.

"అది ముట్టుకుంటే ఊరుకోను!" అని కూర్మయ్య కోటగోడవలె అడ్డముగా నిలిచెను.

"పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇస్తాను బాబూ."

"పోతే? మళ్లీ ఆడమంటావేటి?"

ఉభయపక్షములును కన్నార్పక ఎదురెదురుగా మోహరించెను. ఈగలు సైతము ఎగురుట మానెనని వినికిడి. అప్పుడు లక్ష్మణమ్మ మోకాళ్లు పట్టుకొని లేచెను.

"ఆ డేన్సు నాను సూసినాను కూర్మయ్యా. పోయినా పర్నేదు. తీసీయమ్మా."

బ్రహ్మాస్త్రము దగిలిన ఆ మహాకాయుడు నేలచూపులు చూచుచు ప్రక్కకు దొలగెను.

వీడియో వెడలెను. కృపారాణి మనసులో ప్రార్థించి, కుదింపుమని ఆజ్ఞ యొసగెను. కంప్యూటరు మూలిగెను, దాని ఫ్యాను ప్రళయఝంఝామారుతమై వీచెను, తెరపై పచ్చగీత నత్తకు సిగ్గుగొలుపు వేగమున ప్రాకెను. ప్రాకి, ప్రాకి, కొసముట్టెను. ఏనుగంతటి ఫైలు ఎలుకంతయై ఆమె పాదములకడ బడెను!

ప్రింటరు కిర్రుమనెను. అంతకన్న మధురమైన కీర్తన తాను పాడియెరుగనని కృపారాణికి తోచెను. లక్ష్మణమ్మ కాగితమును చింపి రొంటిన దోపుకొనెను.

ఓ ముల్లోకములారా, చెవియొగ్గి వినుడు! కళింగపట్నమున ఒక కవళ్లగంపకు చీటీ వచ్చినది!