ఆపరేషన్‌కు ముందు చుట్టాలను వాడే విధానం

"బెడ్ దొరికిందండీ, మీవారికి గురువారం ఆపరేషన్" అని ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే ఎగిరి గంతేశాను. పెళ్లయి ఇంకా మూడు నెలలైనా కాలేదు. మా ఆయన పిత్తాశయంలో రాళ్లు కూడా నాకు ముద్దుగానే కనిపిస్తున్నాయి! పైగా రిసెప్షన్‌లో "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగితే "భార్యని!" అనే అవకాశం ఊరికే వస్తుందా? పేరు రాయించడానికి వెళ్లి ఆ మాట అనగానే, నా గొంతుకి క్యూ మొత్తం తలెత్తి చూసింది.

పాఠకులారా, ఒక్క మాట. ఆపరేషన్‌కి సిద్ధం కావాలంటే డాక్టర్లు, మందులు కావాలని మీరనుకుంటున్నారు. అదంతా భ్రమ! కావలసింది చుట్టాలు. ఎంతమంది వస్తే అంత ఆరోగ్యం.

ముందు మానసిక సన్నద్ధత. ఈ శాఖ మా ఆడపడుచుది. బ్యాగు కింద పెట్టకముందే తమ్ముడి భుజం తట్టింది.

"ఏం కాదురా! మా ఆఫీసు క్యాషియర్ కూడా ఇలాగే నవ్వుతూ లోపలికెళ్లాడు."

"తర్వాత?" అన్నారు మా ఆయన.

"పాపం, చాలా మంచి మనిషి."

చూశారా! ఒక్క ముక్కతో మా ఆయన బతుకు మీద ఆశ వదిలేసుకుని తేలికైపోయారు. ఏ సైకాలజిస్టు చేయగలడండీ ఇంత పని?

శారీరక సన్నద్ధత మా చినమామగారిది. పన్నునొప్పితో చెంప పట్టుకుని తిరుగుతున్నా ఆయన బాధ్యత మరవలేదు. గొట్టంతో గాలి పీల్చి లోపలున్న మూడు బంతులూ పైకి లేపమని డాక్టరు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు, ఊపిరితిత్తులు గట్టిపడాలని. "ఇలా తే, ఎలా పీల్చాలో నేను చూపిస్తా!" అని చినమామగారు లాక్కున్నారు. తర్వాత ఆడపడుచు. ఆ తర్వాత పై వాటా ఆయన. సాయంత్రానికి ఇంట్లో అందరి ఊపిరితిత్తులూ ఉక్కులా తయారయ్యాయి, పేషెంటువి తప్ప! ఆ గొట్టాన్ని సబ్బుతో తోమీ తోమీ నా చేతులు కూడా గట్టిపడ్డాయి.

గురువారం పొద్దున పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది డాక్టరు ఆజ్ఞ. నేను స్నానానికి వెళ్లానో లేదో, చినమామగారికి ప్రేమ పొంగుకొచ్చింది. "ఖాళీ కడుపుతో కోయించుకుంటావట్రా? తాగు, కాఫీ తిండి కిందికి రాదులే!"

మా ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు. మత్తు డాక్టరు అడగగానే, "కాఫీ తాగానండీ. పెద్ద గ్లాసే" అన్నారు. ఆపరేషన్ వాయిదా! నొప్పితో ముడుచుకుపోయే మనిషికి ఇంకొన్నాళ్లు ముడుచుకునే భాగ్యం!

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకు భయంగా ఉందోయ్."

"నాకూ అంతేనండీ."

ఇన్నాళ్ల సన్నద్ధతలో ఆ రెండు ముక్కలు చెప్పుకోవడానికి ఒక్క గది ఖాళీ దొరకలేదు. ఎటు చూసినా ధైర్యం చెప్పేవాళ్లే మరి!

ఇందాకే మళ్లీ ఫోన్ వచ్చింది. రేపు పొద్దున్నే రమ్మన్నారు. ఇంట్లో మాత్రం వచ్చే వారమని చెప్పాం. అలాగని చుట్టాల సేవని వృథా పోనిస్తానా? సరిగ్గా మేం ఆటో ఎక్కే వేళకి చినమామగారి పన్ను పీకించడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తోడుగా ఆడపడుచు వెళుతోంది.

దారిలో ఆ క్యాషియర్ సంగతి మర్చిపోకుండా చెప్పమన్నాను.