నా నడుముకు సెకండ్ ఒపీనియన్

రోగి ముఖం చూడని డాక్టరు దొరకడం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి, నా నడుం సాక్షిగా చెబుతున్నాను.

నేను హార్బరు దగ్గర ఒక కంపెనీ గోడౌన్లో గుమాస్తాను. పన్నెండేళ్ళుగా వీపు ఆనించే వీలులేని స్టూలు మీద కూర్చుంటున్నాను. మా కంపెనీకి ఒక డిస్పెన్సరీ ఉంది. ఉదయం పూట డాక్టరు గారు వస్తారు. ఆయన తల వంచుకుని రాస్తూ ఉంటారు, మనం చెబుతూ ఉంటాం. మనం చెప్పడం పూర్తికాకముందే ఆయన రాయడం పూర్తవుతుంది.

ఇందులో ఎంత సౌఖ్యం ఉందో ఆలోచించండి! చొక్కా విప్పే సిగ్గు లేదు. నాలుక చాపే పని లేదు. మా గోడౌన్లో సన్యాసిరాజు దగ్గుకీ, అచ్యుతరామయ్య గారి మోకాలికీ, నా నడుముకీ అవే పసుపుపచ్చ మాత్రలు. సమసమాజం అంటే ఇంకేమిటి? ఆ మధ్య ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఫక్రుద్దీన్, ఆయన బల్ల ముందు నిలబడ్డందుకు మూడు రోజుల మాత్రలు పుచ్చుకుని వెళ్ళాడు. ఫ్యాను మాత్రం తిరగలేదు.

నాకొచ్చిన చిక్కల్లా ఒక్కటే. పోయినేడు మా అమ్మాయికి టైఫాయిడ్ తగ్గితే సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తానని అప్పన్నకు మొక్కుకున్నాను. ఆషాఢ పౌర్ణమి ఇక ఇరవై రోజులుంది. కొండ చుట్టూ ఇరవై మైళ్ళ నడక. స్టూలు మీంచి లేవడానికే గోడ పట్టుకోవలసి వస్తోంది. అందుకని డాక్టరు గారిని, "నడవొచ్చా అండీ?" అని అడిగాను.

"రోజుకి మూడు," అన్నారాయన రాస్తూనే.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను.

"మూడేటి? మైళ్ళా, మాత్రలా?" అంది మా ఆవిడ గౌరీశ్వరి.

అడిగేలోగా ఆయన తరువాతి మనిషి చీటీలోకి వెళ్ళిపోయారన్నాను.

"అయితే మీరు ఇంటికాడ తొంగోండి. మీ మొక్కు నాను నడిసొత్తాను. అప్పన్నకి మాత్రం మీరే సెప్పుకోండి."

ఒకరి మొక్కు ఇంకొకరు నడిస్తే దేవుడు ఒప్పుకుంటాడా? నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా గోడౌన్లో బస్తాలు మోసే దాలయ్య దినకూలీ. డిస్పెన్సరీ పర్మనెంటు వాళ్ళకే కాబట్టి ఆ వైభోగం అతనికి లేదు. నా వాలకం చూసి జాలిపడ్డాడు.

"బావా, ఆ మాత్తరలు కోడికి కూడా ఎయ్యకు, సచ్చిపోద్ది. మద్దిలపాలెంలో సాయంత్రం పూట ఒక పెద్ద డాక్టరు కూకుంటాడు. మా ఇంటిదాన్ని అరగంట సూసేడు. సెకండ్ ఒపీనియనంటారు కాదేటి, అది తీసుకో."

వెళ్ళాను. బోర్డు మీద బారెడు డిగ్రీలు. నా టోకెన్ నంబరు పిలిచారు. డాక్టరు గారు నవ్వుతూ, "రండి, కూర్చోండి," అన్నారు. బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూసలు ఒక్కొక్కటే నొక్కి, "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగారు. ఏం ఉద్యోగం, ఎలా కూర్చుంటారు, రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, అన్నీ కనుక్కున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. నొప్పికి కాదు.

తరువాత నా డిస్పెన్సరీ చీటీ అందుకుని మొహం చిట్లించారు.

"ఎవరండీ ఇది రాసింది? మనిషిని చూడకుండా రాసినట్టుంది."

అని, కొత్త చీటీ రాయడానికి తల వంచారు. వంచగానే నడినెత్తిన గుండ్రటి బట్టతల, దాని పక్కన నల్లటి పుట్టుమచ్చ! పన్నెండేళ్ళుగా నేను దర్శిస్తున్న నెత్తి అది. కింద ముఖం కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

లేచి రెండు చేతులూ జోడించాను. తన చీటీని తానే నిర్మొహమాటంగా తప్పుపట్టే వైద్యుడు ఇంకే ఊళ్ళో దొరుకుతాడు?

"నడవండి, నిదానంగా. మీకు నడక చెడుపు కాదు, ఆ స్టూలు చెడుపు. వీపు ఆనే కుర్చీ వేయించుకోండి," అన్నారు.

కుర్చీ సంగతి మా హెడ్ గుమాస్తా నరసింహమూర్తి గారిని అడిగితే, "బయటి చీటీలు చెల్లవు. మన డిస్పెన్సరీ డాక్టరు గారు సంతకం పెట్టాలి," అన్నారు. మర్నాడు ఉదయం ఆ చీటీ పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని పక్కకు నెట్టారు.

"ప్రైవేటు డాక్టర్లు అలాగే చెబుతారు. నడకలూ వద్దు, కుర్చీలూ వద్దు. మాత్రలు వేసుకోండి," అన్నారు, తల ఎత్తకుండానే.

ఆ ప్రైవేటు డాక్టరు మీరే కదండీ అనబోయాను. అప్పటికే నా వెనకాయన చీటీ సగం అయిపోయింది.

ఇప్పుడు నేను ఎవరి మాట వినాలి? ఉదయం డాక్టరు గారిదా, సాయంత్రం డాక్టరు గారిదా? బాగా ఆలోచించి, నన్ను చూసిన ఆయన మాటే విన్నాను. పౌర్ణమి నాడు కొండ కింది మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను. చినుకుల్లో, బురదలో, నత్తలాగే అనుకోండి, నడిచాను.

"ఆగి ఆగి నడండి, అప్పన్న యేటీ పారిపోడు," అంటూ గౌరీశ్వరి నా పక్కనే నడిచింది.

తెల్లారాక కొండెక్కి స్వామి ముందు నిలబడ్డాను. మా అప్పన్న ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. తక్కిన రోజులన్నీ చందనం మాటునే. అయినా ఆ మాటు నుంచే నన్ను చూస్తున్నాడని నా నమ్మకం. లేకపోతే ఈ నడుం ఇరవై మైళ్ళు నడిచేదా?

అందుకే నొప్పి తగ్గించమని అడగలేదు, కుర్చీ అడగలేదు. స్వామీ, మా డాక్టరు గారి మీద ఏ చందనమూ లేదు, ఉదయం పూట కూడా ఒక్కసారి ఆయన చేత తల ఎత్తించు అని దణ్ణం పెట్టుకుని కొండ దిగాను.