కారే కప్పుకు ప్రథమ బహుమతి

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం ఊరికే కూర్చుని చివరికి ఫోన్‌లో గ్రూపు కనిపెట్టాడు. నాగరికత అక్కడితో పూర్తయిందని నా అభిప్రాయం. కాదనేవారు చెన్నైలో మా పెరంబూరు ‘సదభిరుచి వేదిక’లో ఒక వారం ఉండి చూడవచ్చు. (చేరడానికి ఫారం ఉంది. బయటికి పోవడానికీ ఉంది గానీ, దాని మీద సంతకం చేయాల్సిన అధికారి ఇంకా నియమితుడు కాలేదు.)

నచ్చినవాటిని నలుగురితో పంచుకోవడం మా ఆశయం. సోమవారం సంగీతం, మంగళవారం పుస్తకాలు, బుధవారం చిత్రకళ, గురువారం పర్యావరణ హిత గృహాలు. ఆ నాలుగు రోజుల్లో చూడకుండా మెచ్చుకున్నవాటిని చూడటానికి మిగతా మూడు రోజులు కేటాయించారు. ఆ మూడు రోజులూ గ్రూపు మహా ప్రశాంతంగా ఉంటుంది.

మా అధ్యక్షులు ఫణీంద్రగారు విజయవాడ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. తొమ్మిదో అంతస్తులో మూడు ఏసీల మధ్య కూర్చుని మట్టి గోడల చల్లదనం గురించి రాస్తారు. నేను ఉప కార్యదర్శిని (చప్పట్లు). ఎవరేం పెట్టినా రెండు నిమిషాల్లో చప్పట్ల బొమ్మ పెట్టడం నా విధి. మూడేళ్లలో ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. దేన్నీ తెరిచి చూడనూ లేదు.

మా నియమాల్లో ఏడోది కాస్త కఠినమైనది: విన్నపాలు నిషిద్ధం. రక్తం కావాలి, పనిమనిషి కావాలి వంటి అభిరుచి లేని వాక్యాలు కనబడగానే ఫణీంద్రగారు స్వయంగా రాసిన ప్రోగ్రాం వాటిని చెరిపేస్తుంది. జతగా ఫోటో ఉంటే దాన్ని మాత్రం ఉంచుతుంది. బొమ్మ ఏ పాపం చేసిందని వారి ఉదారత.

మా అపార్ట్‌మెంటు వెనక సందులో మునియక్క ఇడ్లీ కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కూతురు విజి నర్సింగ్ చదువుతోంది, ఇడ్లీ ఆర్డర్ల కోసం మా గ్రూపులో చేరింది. తమిళుల ఐప్పసి నెల వానలు మొదలైన బుధవారం, పక్కింటి కొబ్బరి మట్ట విరిగిపడి వాళ్ల కప్పు పెంకులు ముక్కలయ్యాయి. మర్నాడు పొద్దున విజి ఒక ఫోటో పెట్టి కింద ఇలా రాసింది: “మా కప్పు పగిలిపోయినాది. సాయంత్రం మళ్లీ వానంట. ఎవురి దగ్గరైనా తార్పాలు ఉంటే రెండు దినాలకు ఇయ్యండి. సోమవారం ఇయ్యాల్సిన నా రికార్డు నోటు తడస్తా ఉండాది.”

ఏడో నియమం మాటలను మింగేసింది. ఫోటో మిగిలింది. ఆ రోజు గురువారం.

నేను నలభై సెకన్లలో చప్పట్లు పెట్టాను. ఆ వెంటనే ఫణీంద్రగారు రాశారు: “ఆకాశానికి తలుపు తెరిచిన కప్పు! పగలు లైటు అక్కర్లేదు. వాన నీటిని ఇంటి లోపలే గిన్నెల్లో పట్టే ఏర్పాటు! మనం మేడ మీంచి గొట్టాలు దించడానికి రెండేళ్లుగా మీటింగులు పెట్టుకుంటున్నాం.” మధ్యాహ్నానికి మూడు వందల హృదయాలు వచ్చాయి. ప్రథమ బహుమతి ప్రకటించారు. సాయంత్రం పదకొండు మంది ప్రతినిధులం గొడుగులతో బయల్దేరాం.

మునియక్క ఎదురొచ్చింది. “రండి సామీ, రండి. తార్పాలు తెచ్చినారా?”

“తార్పాలినా!” ఫణీంద్రగారు అదిరిపడ్డారు. “వద్దండీ, అది ప్లాస్టిక్ కదండీ! ప్లాస్టిక్ లేదనే కదా మీకు బహుమతి వచ్చింది?”

“బహుమతి సెరి సామీ. దాన్ని పైన కప్పుకోవచ్చునా?”

“అది పీడీఎఫ్ అండీ.”

అంతలో వాన అందుకుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. మావాళ్లు అలాంటి మోటు మనుషులు కారు, ఏమీ అడగకుండానే ఫోన్లు తీశారు. సంగీత విభాగం సునయనగారు సత్తు గిన్నెల్లో పడే చుక్కల చప్పుడు రికార్డు చేస్తూ, “ఆ అండా కొంచెం ఎడమకి జరపండి, పంచమం పలకట్లేదు” అన్నారు. మునియక్క జరిపింది. పంచమం పలికింది, పరుపు తడిసింది. చిత్రకళవారు గోడ మీది చెమ్మ మరకకు చుట్టూ నాలుగు స్కేళ్లు ఆనించి ఫ్రేము కట్టారు. పుస్తక విభాగంవారు విజి రికార్డును చేతిలోకి తీసుకుని, ఉబ్బిన పేజీలు చూసి, వాన చదివిన పుస్తకమన్నారు. ఆరబెట్టవద్దని కోరారు.

“అది నాలుగు నెలలు రాసిన రికార్డు సార్,” అంది విజి. “సోమవారం పెట్టకుంటే పరీక్షకే కూర్చోనియ్యరు.”

ఆమె వేళ్లకు నీలం సిరా అంటుకుని ఉంది. మూడేళ్లలో మొదటిసారి, నేను చప్పట్లు పెట్టినదాన్ని కళ్లారా చూశాను. నిజంగా సిగ్గేసింది. అయినా నా వేలు అలవాటు కొద్దీ ఫోన్ మీదికి పోయి చప్పట్లు పెట్టి వచ్చింది.

నాలుగు విభాగాలూ ఒకే కప్పు కింద దొరకడం వేదిక చరిత్రలో లేదు. (కప్పు అనడం మర్యాదకు.) శుక్రవారం ఆ ఇంటిని ‘సంరక్షిత అనుభూతి’గా ప్రకటించారు. పెంకులు మార్చరాదు. గిన్నెలు జరపదలిస్తే సంగీత విభాగం అనుమతి పొందాలి. వాన లేని రోజుల్లో సందర్శకుల సౌకర్యార్థం గృహస్థులే కప్పు మీద రెండు బిందెల నీళ్లు పోయాలి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వ్యతిరేకిస్తూ విజి రాసిన వాక్యం విన్నపం కిందికి వచ్చింది.

ఆదివారం పొద్దున మునియక్క తమ్ముడు వేలు వచ్చాడు. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. తోపుడు బండి మీద పాత పెంకులు తెచ్చి, లుంగీ ఎగ్గట్టి పైకెక్కాడు.

“ఆగండి, తీర్మానం ఉంది!” కింది నుంచి ఫణీంద్రగారు కాగితం ఊపారు.

“దాన్ని ఈడ ఇయ్యి సామీ, పెంకు కింద సందుకు కావాల,” అన్నాడు వేలు.

నేను వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. పనిని అడ్డుకోవడానికే పట్టుకున్నట్టు మినిట్సులో నమోదైంది. గంటలో కప్పు పూర్తయింది. సాయంత్రం కుండపోతగా కురిసినా లోపల చుక్క పడలేదు. విజి నేల మీద బోర్లా పడుకుని చివరి పేజీలు తిరగ రాసుకుంది, పక్కన మునియక్క ఒక్కో పేజీకీ విసనకర్రతో విసిరింది. నాకు ఈల వేయాలన్నంత ఆనందం కలిగింది. పదవిలో ఉన్నాను గనక వేయలేదు.

గ్రూపులో సంతాపం మొదలైంది. ఒక అపురూప కట్టడాన్ని కోల్పోయామని ఫణీంద్రగారు రాశారు. మూడు వందల తొంభై మంది కన్నీటి బొమ్మలు పెట్టారు. సునయనగారు రెండు నిమిషాల చుక్కల చప్పుడు పెట్టి, అందరూ లేచి నిలబడి వినాలన్నారు.

సోమవారం విజి రికార్డు ఇచ్చేసి, సంతకం పడిన పేజీ ఫోటో పెట్టింది. మధ్యాహ్నానికి ఆమె సభ్యత్వం రద్దయింది. కారణం అన్న గడిలో ఇలా ఉంది: ఇల్లు కారడం లేదు.