పుట్టలో గనిపెట్టె

ఒక పెద్ద అడవిలో, పెద్దదని నేనంటున్నది కాదు, అక్కడి జంతువుల సభవాళ్లే బోర్డు రాసి పెట్టుకున్నారు, పేరయ్య అనే ఉడుము ఉండేవాడు. పట్టుకున్నది వదలకపోవడం ఉడుము జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. పేరయ్యకు అది మరీ ఎక్కువ. ఒకసారి మేనమామ పెళ్లిలో పందిరి గుంజను పట్టుకుంటే, పందిరి విప్పేవాళ్లు గుంజతో పాటు ఇతన్నీ మోసుకుపోయారు.

ఆ ఏడు వానలు మొదలవుతూనే పేరయ్య భార్య మాణిక్యమ్మ గుడ్లు పెట్టింది. వాళ్ల కాపురం ఒక పాత చెదపుట్టలో. చెదలున్నన్నాళ్లూ ఆ పుట్ట లోపల కుంపటి పెట్టినట్టు వెచ్చగా ఉండేది. కిందటేడు చెదలు మూటాముల్లె సర్దుకుని వేరే చోటికి పోయాయి. వాటితో పాటే వెచ్చదనమూ పోయింది. అప్పుడు పెట్టిన గుడ్లు ముసురుకు చల్లబడిపోయి ఒక్కటీ పిల్ల కాలేదు. మాణిక్యమ్మ చాలాకాలం సరిగ్గా తిండి తినలేదు.

"ఈసారి కూడా అలాగే అయితే నేనీ పుట్టలో ఉండనండీ," అంది ఆమె, గుడ్ల మీద ఎండుటాకులు కప్పుతూ. "పుట్టింటికీ పోను. ఎటు పోతానో నాకే తెలియదు."

అరిచే ఆడదాన్ని సముదాయించడం పేరయ్యకు వచ్చు. ఇలా నెమ్మదిగా మాట్లాడితే ఏం చెయ్యాలో తెలియదు.

ముసురులో కూడా వెచ్చగా ఉండే చోటు ఆ అడవిలో ఒక్కటే ఉంది. కొండవాలున నల్లబండ కింది ఇసుక. అది చిరుత దొరబాబుది. ఆయనకు ఎవరిచ్చారని అడిగినవాళ్లు లేరు. అంటే, ఒకప్పుడు ఉండేవాళ్లు, ఇప్పుడు లేరు.

పేరయ్య వెళ్లి, చేతులు కట్టుకుని, ఆ ఇసుక నాలుగు వారాలకు అద్దెకిమ్మన్నాడు.

"ఇస్తాను," అన్నాడు దొరబాబు పళ్లు కుట్టుకుంటూ. "తేనె వద్దు, పళ్లు వద్దు. పట్నాల్లో కంటికి కనపడని నాణెం ఒకటి నడుస్తోందట. అది ఒకటి తెచ్చిపెట్టు."

"కనపడకపోతే నేనిచ్చానని మీకెలా తెలుస్తుంది దొరా?"

"ఇవ్వకపోతే మాత్రం నాకు తెలుస్తుందిలే," అన్నాడు చిరుత.

కనపడని నాణేల సంగతి తెలిసినవాడు అడవిలో పందికొక్కు పానకాలు ఒక్కడే. పట్నం గోదాముల్లో పుట్టి పెరిగాడు. అక్కడివాళ్లు తరిమితే అడవికొచ్చి కన్సల్టెంటు అయ్యాడు. ఇటుకంత ఇనప డబ్బాలు అమ్ముతాడు. వాటిని గనిపెట్టెలంటాడు.

"చాలా సులువు బాబాయ్," అన్నాడు పానకాలు. "ఎక్కడో ఒక తాళం ఉంటుంది. దానికి తాళంచెవి ఏదో ఎవరికీ తెలియదు. ఈ పెట్టె కూర్చున్నచోటే కూర్చుని క్షణానికి కోట్ల తాళంచెవులు తిప్పి చూస్తుంది. ఒకటి పట్టిందా, నాణెం నీదే."

"పట్టకపోతే?"

"మళ్లీ తిప్పుతుంది. దానికి అలుపా సొలుపా?"

"మరి నువ్వొకటి పెట్టుకోలేదేం?"

పానకాలు మీసాలు సవరించుకున్నాడు. "నాకు మొదట్నించీ పదిమందికి ఉపయోగపడాలని ఉంటుంది బాబాయ్. సొంతానికి ఏం చేసుకోను?"

వానాకాలానికని దాచుకున్న ఎండుపీతలన్నీ ఇచ్చి పేరయ్య ఒక గనిపెట్టె తెచ్చుకున్నాడు. జలపాతం కింద సభవాళ్లు తిప్పే కరెంటు చక్రం నుంచి, మంజూరు చేయించుకుని, తీగ లాగించాడు. పెట్టెను పుట్ట నడిమి గదిలో పెట్టి, పసుపు బొట్టు పెట్టి, మీట నొక్కాడు. పెట్టె వెనకున్న ఫ్యాను అమ్మోరు పూనినట్టు ఊగిపోయింది. మాణిక్యమ్మ రెండు చెవులూ మూసుకుంది.

కాసేపటికి పెట్టె పెనంలా కాలి, టక్కున ఆగిపోయింది.

పేరయ్య పరుగెత్తుకుంటూ పానకాలు దగ్గరికి పోయాడు. పానకాలు తాపీగా పీత కొరుకుతూ విన్నాడు.

"వేడి బాబాయ్, వేడి. గనిపెట్టెకు పరమ శత్రువు వేడి. వేడెక్కితే అది పని మానేస్తుంది. పుట్ట వెనకవైపు పెద్ద కన్నం కొట్టి, ఫ్యాను మూతి అటు తిప్పు. వేడంతా బయటికి పోవాలి. లోపల ఎంత చల్లగా ఉంటే నీకంత లాభం."

పేరయ్య పట్టుకున్నాడంటే పట్టుకున్నాడే. పుట్టకు కన్నం కొట్టాడు. పెట్టెకు ఎంత కరెంటు ఇవ్వాలో, ఎంత వేగం పెట్టాలో, ఫ్యాను ఎంత తిప్పాలో మీటలు అటూ ఇటూ కదుపుతూ రోజంతా దాని పక్కనే పడి ఉండేవాడు. వేగం పెంచితే ఆగిపోయేది. కరెంటు మరీ తగ్గిస్తే తాళంచెవులు తప్పుగా తిప్పేది. మధ్యలో ఎక్కడో ఒక వాటం ఉంటుంది. ఆ వాటం కోసం అతను పెట్టెకు పొట్ట ఆనించి చూసేవాడు. పెట్టె వేడి ఎంతుందో అతనికి పొట్టతోనే తెలిసిపోయేది.

"పని చేస్తున్నట్టు లేదండీ, చలి కాచుకుంటున్నట్టుంది," అంది మాణిక్యమ్మ.

"ఇది ట్యూనింగు. నీకర్థం కాదులే."

మొత్తానికి వాటం దొరికింది. పెట్టె ఆగకుండా నడిచింది. ఒంటరిగా తిప్పితే నాణెం పడేసరికి మునిమనవలొస్తారని పానకాలు చెబితే, పేరయ్య తనలాంటి వాళ్లందరూ కలిసి తిప్పే ఒక జట్టులో చేరాడు. జట్టులో ఎవరికి నాణెం పడినా అందరికీ తలా కొంచెం పంచుతారు. అతని వాటాకు వచ్చేది చీమ కూడా మొయ్యడానికి నామోషీ పడేంత.

అయినా పేరయ్య వదల్లేదు. రేపో మాపో నాణెం పూర్తవుతుంది, నల్లబండ దగ్గరికి గుడ్లు మోసుకుపోదామని మాణిక్యమ్మకు రోజూ చెప్పేవాడు. ఆమె పక్కగదిలో గుడ్లకు అడ్డంగా పడుకుని వినేది. కన్నంలోంచి వేడంతా బయటికి పోతుంటే, ఆ ఊపుకు వాకిట్లోంచి చలిగాలి లోపలికి తన్నుకొచ్చేది. గుడ్లు రోజురోజుకీ చల్లబడుతున్నాయి. ముక్కుతో తాకినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది. ఈయనకు చెబితే ఇంకా కంగారుపడతాడని చెప్పేది కాదు.

ఇక్కడ లోపల ఇలా ఉందా, పుట్ట వెనక మాత్రం పండగలా ఉంది. ముసురులో తడిసి వణికేవాళ్లందరికీ ఆ కన్నం దొరికింది. ముందు ముంగిస వచ్చింది. దాని వెనక కుందేళ్లు సకుటుంబంగా వచ్చాయి. కోతులు ఈత చాపలు తెచ్చుకుని మరీ కూర్చున్నాయి. ఒకరి వీపు ఒకరు గోక్కుంటూ, లోకం కబుర్లు చెప్పుకుంటూ, పొద్దంతా అక్కడే.

చిక్కల్లా ఏమిటంటే, సభకు ఎవరూ వెళ్లడం లేదు. అధ్యక్షుడు ఏనుగు భూపతి ముసురు నివారణ మీద ఉపన్యాసం తయారు చేసుకుని వస్తే, వినడానికి కునికిపాట్లు పడే దున్నపోతు ఒక్కడే ఉన్నాడు. భూపతికి పౌరుషం పొడుచుకొచ్చింది. సభ్యులు ఎక్కడ చచ్చారో కనుక్కురమ్మని తనిఖీ అధికారి కొంగ కామయ్యను పంపాడు. కామయ్య వెళ్లి, తన వంతు వెచ్చబడి, తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు.

భూపతి అక్కడికక్కడే తీర్మానం చేయించాడు. సభ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వెచ్చదనం విడుదల చేయడం నేరమన్నాడు. దున్నపోతు నిద్రలో తల ఊపాడు. తీర్మానం ఏకగ్రీవం.

మర్నాడు కామయ్య తడి మట్టి మోయించుకుని పుట్టకొచ్చాడు.

"పేరయ్యా, నీ కన్నం మూసేయమని ఆర్డరు."

"అయ్యా, కన్నం మూస్తే లోపల వేడెక్కిపోతుంది. పెట్టె ఆగిపోతుంది. నా పిల్లల బతుకు దీని మీదే ఉంది," అని పేరయ్య కాళ్లావేళ్లా పడ్డాడు.

కామయ్య ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. చేప ఏదైనా చేతిలో పడుతుందేమోనని కాసేపు కాచుకున్నాడు. పేరయ్య దగ్గర చేప కాదు గదా, పీతలు కూడా లేవు. కామయ్య కళ్లు తెరిచాడు. కన్నానికి మట్టి మెత్తించి, మీద తన కాలిముద్ర వేశాడు. అదే సభవారి సీలు.

"పోనీ ఆ తీగైనా పీక్కుపోండి," అన్నాడు పేరయ్య నీరసంగా.

"అదెలా కుదురుతుంది? నీకు కరెంటు మంజూరైంది. మంజూరైనది వాడి తీరాలి. నువ్వు వాడకపోతే, ఈ అడవికి ఇంత కరెంటెందుకని పై అడవివాళ్లు మా కోటా కోసేస్తారు. పెట్టె ఆపావంటే అది ఇంకో నేరం."

"కన్నం లేకుండా నడవదు మొర్రో అంటుంటే?"

"నడిపించుకో. అది నీ శాఖ. మూయడం నా శాఖ," అని చెప్పి కామయ్య ఎగిరిపోయాడు.

పేరయ్య లోపలికొచ్చి పెట్టె ముందు కూలబడ్డాడు. ఆపితే నేరం. పూర్తి వేగంతో నడిపితే కాలి ఆగిపోతుంది, అదీ నేరమే. ఇక చేసేది లేక మీటలు ఒక్కొక్కటే కిందికి దించుతూ పోయాడు. కరెంటు తగ్గించాడు. వేగం తగ్గించాడు. ఫ్యాను గొంతు తగ్గి గుసగుసలోకి దిగింది. పెట్టె ముసలెద్దులా నెమ్మదిగా, కానీ ఆగకుండా నడవసాగింది. ఆ వేగం చూసి జట్టువాళ్లు సాయంత్రానికల్లా అతన్ని వెళ్లగొట్టారు.

అంతటితో నాణెం ఆశ పోయింది. నాణెం లేదంటే ఇసుక లేదు. ఇసుక లేదంటే ఏమిటో అతను తలుచుకోలేకపోయాడు. మాణిక్యమ్మకు ఎలా చెప్పాలో తెలియక తల పెట్టెకు ఆనించి ఏడ్చాడు. అంత లావు ఉడుము, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుస్తూ ఏడుస్తూ హాయిగా ఉందేమిటి చెప్మా అనుకున్నాడు. గోడకు పొట్ట ఆనించాడు. గోడ వెచ్చగా ఉంది. నేల తడిమాడు. నేలా వెచ్చగానే ఉంది. చెదలున్న రోజుల్లో ఉన్నట్టు ఉంది.

పేరయ్య కొయ్యబారిపోయాడు. ఇన్నాళ్లూ వెచ్చటి చోటు కొనడానికి ఈ పెట్టె తిప్పి, ఈ పెట్టె ఇచ్చే వెచ్చదనాన్ని కన్నం కొట్టి మరీ బయటికి తోసేశాడు. కోతుల వీపులు కాచడానికి ఎండుపీతలన్నీ ధారపోశాడు. సిగ్గుతో అతని తోక కూడా ఎర్రబడింది.

"మాణిక్యం," అని పిలిచాడు. "గుడ్లు ఇటు తీసుకురా. తొందరగా."

ఆమె వచ్చి గుమ్మంలోనే ఆగింది. వెచ్చదనం మొహానికి తగిలింది. గబగబా వెనక్కి వెళ్లి గుడ్లు ఒక్కొక్కటే పొదివి పట్టుకుని తెచ్చి, పెట్టె చుట్టూ మట్టిలో పాతింది. పాతాక ఒక్క మాట అంది.

"మీరు మీటలు కదపడంలో ఘటికులు గదా, ఇప్పుడు కదపండి చూద్దాం."

అప్పుడు చూడాలి ఉడుంపట్టంటే. వాన పెరిగితే కాస్త వేగం పెంచేవాడు. ఎండ పొడ కనిపిస్తే తగ్గించేవాడు. గుడ్లు పాతిన మట్టి మీద పొట్ట ఆనించి, పెట్టె మీద చెయ్యి పెట్టి, తిండికి కూడా లేచేవాడు కాదు. తాళంచెవుల ఊసే ఎత్తలేదు. మాణిక్యమ్మ అతని నోట్లో మిడతలు పెట్టేది.

ముసురు విడవకముందే ఒక గుడ్డు చిట్లింది. పిల్ల మట్టిలోంచి తల బయటపెట్టి, ఎదురుగా కనిపించిన పేరయ్య ముక్కు పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత అన్నీ చిట్లాయి. మాణిక్యమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మనం ఎటూ పోవక్కర్లేదండీ," అంది.

పేరయ్య ఔనని తల ఊపబోయి ఆగాడు. ముక్కు ఖాళీగా లేదు మరి.

కబురు సభకు చేరింది. ఏనుగు భూపతి పుట్ట ముందు పందిరి వేయించి, ఇది సభవారు కన్నం మూయించడం వల్ల సాధించిన ఫలితమని ప్రకటించాడు. సంతానాభివృద్ధి కోసం అడవిలో ప్రతి ఇంటికీ ఒక కన్నం మూయాలని ఆర్డరు వేశాడు.

"మాకు పిల్లల కొరత ఎప్పుడొచ్చిందయ్యా? ఉన్న కన్నాలే చాలట్లేదు," అన్నాయి కుందేళ్లు. వాటి మాట వినేదెవరు? కొంగ కామయ్యకు ప్రమోషనొచ్చి, కన్నాల శాఖకు అధిపతి అయ్యాడు.

పందికొక్కు పానకాలు తన దుకాణం బోర్డు రాత్రికి రాత్రే మార్చి గనిపెట్టెలను పిల్లలపెట్టెలని అమ్మడం మొదలుపెట్టాడు. అన్నిటికంటే పెద్దది భూపతే కొన్నాడు. దాని పక్కన మెత్తగా గడ్డి పరిపించి, ఏనుగులు గుడ్లు పెట్టవని ఎవరైనా చెబుతారేమోనని సిబ్బంది మొహాలు చూస్తూ కూర్చున్నాడు. ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఎవరూ చెప్పలేదు.

నీతి: తెలివైన యంత్రం పాడుచేసిన పనిని తెలివితక్కువ ఆర్డరు బాగుచేస్తుంది, కాబట్టి ఏ అడవిలోనైనా ఒక ఆఫీసు ఉండి తీరాలి.