శ్రీశైలం ముక్కులో తుమ్మెద

కోరుట్ల టైలర్ శ్రీశైలం ఆ పొద్దున పెట్టుకున్న పని పెద్దదేం కాదు. స్నానం చేయాలి, బీపీ దించుకోవాలి, జగిత్యాల బస్సెక్కి కంటి ఆపరేషన్ చేయించుకోవాలి. బీపీ ఎక్కువుందని ఆసుపత్రివాళ్లు ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఈలోగా శుక్లం ముదిరి, పక్కింటి నీల ఎర్రజాకెట్‌ను పచ్చదారంతో కుట్టేశాడు. ఈసారీ తిప్పి పంపితే మిషన్ మీద గుడ్డ కప్పేయడమే.

ఉపాయం చెప్పింది ఆ ఆసుపత్రి నర్సు మనీషా.

"గోలీలు బంజేయకు కాకా. గవాటితోపాటు నోరు మూసుకొని ముక్కుతోని తుమ్మెద లెక్క శబ్దం చెయ్. ముక్కుల నైట్రిక్ ఆక్సైడ్ అని ఒక గాలి పుడుతది. గది రక్తనాళాలను వదులు జేస్తది. నడుమ నోరు తెరిస్తే పనిగాదు."

శ్రీశైలం తడి తువ్వాలతోనే పెరట్లో కూర్చొని, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తుమ్మెద మాటేమో గాని, మిక్సీ తిరిగినట్టు మోగింది. ఊపు కుదరాలని ముందుకూ వెనక్కూ ఊగాడు కూడా. అదే కొంప ముంచింది. గోడ మీంచి చూసిన నీల చేతిలో చెంబు జారిపోయింది.

"వజ్రక్కా, జల్ది రా. అన్నకు ఎల్లమ్మ శిగమొచ్చింది."

శిగమూగే అత్త పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి ఒంటిమీదికీ అమ్మవారు రాలేదు. తల్లి అలిగిందని శ్రీశైలం భార్య వజ్రమ్మకు లోలోపల దిగులు. ఇన్నాళ్లకు కరుణించిందని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. రాత్రి కసురుకున్న మొగుడి కాళ్లకే మొక్కి, నెత్తిన పసుపు బండారు చల్లి, చేతిలో వేపమండ పెట్టింది. నోరు తెరిస్తే పుట్టిన గాలి కాస్తా పోతుందని శ్రీశైలం ఇంకా గట్టిగా మోగాడు. చూస్తుండగానే వాడకట్టంతా పెరట్లో చేరింది, డప్పుతో సహా.

నీల చేతులు జోడించింది. "తల్లీ, గీ టైలర్ నా జాకెట్ ఎప్పుడిస్తడు?"

శ్రీశైలం ఇక ఓర్చుకోలేకపోయాడు. "అమ్మ లేదు, గిమ్మ లేదు. నా ముక్కుల నైట్రిక్ ఆక్సైడ్ పుడుతున్నది. నన్ను జగిత్యాల పోనియ్యుండ్రి."

డప్పు ఆగింది.

"మనకు తెల్వని భాషల పలుకుతున్నది," అంది వజ్రమ్మ భక్తిగా. "ఆపరేషన్‌కు తల్లి గూడ ఒప్పుకున్నది."

బస్సు అవసరమే పడలేదు. అందరూ ఆటోల్లో ఎక్కారు. డప్పు మోతకు బీపీ ఆకాశానికి ఎక్కి ఉంటుందని శ్రీశైలానికి ఏడుపొచ్చింది. వేరే దిక్కు లేక దారిపొడుగునా మోగుతూనే ఉన్నాడు.

మనీషా జనాన్ని బయటే ఆపి, లోపల బీపీ పట్టీ చుట్టి చూసింది. నమ్మకం లేక మళ్లీ చూసింది.

"కాకా, నార్మల్ ఉన్నది. ఏం జేసినవ్?"

"నువ్వు చెప్పిందే బిడ్డా. నైట్రిక్ ఆక్సైడ్."

మనీషా అతని నెత్తి మీది బండారును చూసింది, చేతిలోని వేపమండను చూసింది. తలుపు దగ్గరికి వేసి, చెప్పులు పక్కకు విడిచింది.

"మా ఆయన సిరిసిల్లల, నేనిక్కడ. నాకు ట్రాన్స్‌ఫర్ ఎప్పుడయితది తల్లీ?"

ఆపరేషన్ ఇంకా కాలేదు కాబట్టి, శ్రీశైలం ఎదురు చెప్పకుండా కళ్లు మూసుకుని ముక్కుతో మొదలుపెట్టాడు.