ఎదాఫె పన్నెండు శ్రుతులు

కీబోర్డు మీద ఎదాఫె వేళ్లకు నల్ల మెట్లు తప్ప తెల్ల మెట్ల మొహం తెలియదని పక్కవాటా మామా ఒచుకో అన్నదట. పొద్దున్నే అకారా గారెలు కొనడానికి వచ్చిన చేపలమ్మే ఆవిడతో అన్నదట. "పదకొండేళ్లుగా గోడ ఇవతల నుంచి వింటున్నానమ్మా. ఆ అబ్బాయికి వచ్చింది ఒక్కటే శ్రుతి. మిగతాదంతా ఆ పెట్టెకున్న మీట మహిమ" అన్నదట. అక్కడితో ఆగితే ఆవిడ మామా ఒచుకో ఎలా అవుతుంది? బెనిన్ నగరం నుంచి పన్నెండు శ్రుతులూ క్షుణ్ణంగా వచ్చిన కుర్రాణ్ని పాస్టరు గారు ఈ ఆదివారమే రప్పిస్తున్నారనీ, ఎదాఫె ఇక వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టుకోవడమేననీ కూడా అన్నదట. చేపలావిడ ఆ మాటను చేపలతోపాటు సపేలె ఊరంతా తిప్పి, శనివారం మధ్యాహ్నానికి ఎదాఫె భార్య ఉఫూమ గుమ్మంలో దించింది.

"ఆవిడ మాటలకేంలే" అన్నాడు ఎదాఫె. అన్నాడే గానీ బంగా పులుసులో ముంచిన ముద్ద చేతిలోనే చల్లారిపోయింది. ఎందుకంటే ఆ మాటల్లో మొదటి సగం అక్షరాలా నిజం.

ఎదాఫె వారానికి ఆరు రోజులు బజారు మలుపులో టైర్లకు పంక్చర్లు వేస్తాడు. ఏడో రోజు జయధ్వని మందిరంలో కీబోర్డు వాయిస్తాడు. ఆరు రోజులు "ఏయ్ పంక్చర్!" అని కేకేసే మనుషులే ఏడో రోజు ఇస్త్రీ చొక్కాలో అతన్ని చూసి "మాస్ట్రో, బాగున్నావా?" అంటారు. ఆ ఒక్క రోజు కోసమే అతను మిగతా ఆరు రోజులూ రబ్బరు వాసన భరిస్తాడు. అది కాస్తా పోతే వారానికి ఆరు రోజులే మిగులుతాయి, ఆరూ పంక్చర్లే.

ఎవరూ నేర్పకుండా, చెవితో విని, చేతికి దొరికిన నల్ల మెట్ల మీద నేర్చుకున్న వాయిద్యం అతనిది. పాట ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా, కీబోర్డుకు ఎడమవైపున్న రెండు మీటల్లో ఒకదాన్ని నొక్కేవాడు. ఒక మీట శ్రుతిని అర మెట్టు పైకి జరుపుతుంది, రెండోది కిందికి. ఎంత జరిగిందో చిన్న అద్దంలో అంకె పడుతుంది. వేళ్లు మాత్రం ఎప్పుడూ ఆ నల్ల మెట్ల మీదే నడుస్తాయి. మీటల మీది రాత ఎవరి కంటా పడకుండా నల్ల టేపు అంటించాడు. ఎవరైనా అడిగితే, "పగిలిందిలే" అనేవాడు.

ఆదివారం పొద్దున్న అతని పథకం సాదాసీదాది. మూడో పాట మధ్యలో పైకి పోయే మీటను ఒకే ఒక్కసారి నొక్కాలి. పాట నడుస్తుండగానే శ్రుతి అర మెట్టు పైకెక్కుతుంది. పెద్ద పెద్ద బృందాలు చేసే పని అది. బెనిన్ కుర్రాడు బిత్తరపోతాడు, మామా ఒచుకో నోరు మూతపడుతుంది. ఒక్కసారి, అర మెట్టు, అంతే.

స్నానం చేసి వచ్చేసరికి ఉఫూమ కీబోర్డును ఒళ్లో పెట్టుకుని, సబ్బు నురగ గుడ్డతో పసిపిల్లను తోమినట్టు తోముతోంది.

"ఓసేయ్, ఏం చేస్తున్నావే!"

"కనపడట్లా? కొత్తవాడొచ్చి చూస్తే మన పరువేం కాను? మీటల సందుల్లో పదకొండేళ్ల మట్టి. నీ టైర్ల మట్టంతా ఇందులోనే ఉంది."

"నీళ్లు లోపలికి పోతే?"

"పోతే ఆరతాయి. చొక్కా తొడుక్కో, కేకే ఆటో వాడు హారన్ కొడుతున్నాడు."

మందిరంలో అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. మామా ఒచుకో మూడో వరుసలో, ఫ్యాను గాలి సరిగ్గా నెత్తిన పడేచోట కూర్చుంది. ఆ కుర్చీ కోసం ఆవిడ అందరికంటే గంట ముందొస్తుంది. మొదటి వరుసలో బక్కపలచటి కుర్రాడు కళ్లజోడు సర్దుకుంటూ కనిపించాడు. పాస్టరు గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇతను బ్రదర్ నోసా, బెనిన్ నుంచి వచ్చాడు" అని అందరికీ చెబుతున్నారు. విన్నవాళ్లంతా ముందు నోసాను చూసి, తర్వాత ఎదాఫెను చూసి, ఆపైన తమ చెప్పుల వంక చూసుకున్నారు.

పాటలు ఎత్తుకునేది సిస్టర్ రుకెవ్వె. గురువారం అభ్యాసంలో ఆమె పదిమందిలో, "బ్రదర్ ఎదాఫె వాయింపు మన ఊరి కేకే ఆటో. ఒకటే గేరు" అని నవ్వించింది. ఆ మాట ఎదాఫె మరిచిపోలేదు. అతను మరిచిపోలేదని ఆమె కూడా మరిచిపోలేదు.

స్తుతి మొదలైంది. మొదటి పాట, రెండో పాట మధ్యలో ఊపిరి పీల్చినంత సందు కూడా లేకుండా కలిసిపోయాయి. మూడో పాట సగానికి రాగానే ఎదాఫె మనసులో ప్రార్థన చేసుకుని మీట నొక్కాడు. శ్రుతి అర మెట్టు పైకెక్కింది. జనంలోంచి "ఓహ్!" అని ఒక కేక లేచింది. డ్రమ్ముల దగ్గరున్న తెజిరి, "అన్న ఇవాళ మంచి ఊపుమీదున్నాడు" అనుకుని పెద్ద డ్రమ్మును దడదడలాడించాడు.

ఆ దడకు కీబోర్డు స్టాండు అదిరింది. సబ్బు నీళ్లకు ఉబ్బి సగం లోపలికి దిగబడిపోయిన మీట తనంతట తానే ఇంకోసారి నొక్కుకుంది.

శ్రుతి మళ్లీ పైకెక్కింది. అద్దంలో అంకె రెండు. ఎదాఫె కిందికి దించే మీట నొక్కాడు. అది గట్టిపడిపోయి ఉలకలేదు. ఈలోగా తెజిరి, "రెండోసారా!" అని ఉత్సాహం పట్టలేక మళ్లీ దడదడలాడించాడు. అంకె మూడు.

రుకెవ్వె తల తిప్పి చూసింది. గురువారం మాటకు ఆదివారం బదులన్నమాట! పాడుతూనే అరచేతిని కిందికి ఊపింది, దించు అని. ఎదాఫె తల అడ్డంగా ఊపాడు, నావల్ల కావట్లేదు అని. దించను పో అన్నాడనుకుంది ఆమె. నడుముకు కట్టిన గుడ్డను విప్పి, గట్టిగా బిగించి, మైకును పెదాలకు ఆనించింది. పదహారేళ్లుగా పాడుతున్న మనిషి, ఒక పంక్చర్ల మేస్త్రీకి లొంగుతుందా?

నాలుగు. అయిదు. శ్రుతి ఎక్కిన కొద్దీ జనానికి పూనకం. శ్రుతి ఎక్కిందంటే పైనుంచి ఏదో దిగుతోందని వాళ్ల నమ్మకం. కుర్చీలు గోడకు జరిగిపోయాయి. తలగుడ్డలు ఊడి భుజాల మీదికొచ్చాయి. బాస్ గిటారు వాడి చెయ్యి గిటారు మెడ చివరినుంచి పొట్టదాకా దిగొచ్చి, ఇంకా దిగితే ఎక్కడికని వెతుక్కుంటోంది. మోకాలి నొప్పితో ఆరు నెలలుగా కూర్చునే ప్రసంగిస్తున్న పాస్టరు గారు కూడా, సంఘమంతా గంతులేస్తుంటే కాపరి కూర్చోకూడదు గనక, కుర్చీ పట్టుకుని ఎడమకాలి మీద ఎగురుతున్నారు.

ఆరో అంకె దగ్గర ఆయనకు ఓపిక అయిపోయింది. ఇక చాలన్నట్టు తెల్ల రుమాలు తీసి గాలిలో ఊపారు. అయ్యగారే రుమాలు ఊపుతుంటే మనమెందుకు ఊరుకోవాలని మూడొందల రుమాళ్లు లేచాయి. తెజిరికి కళ్లు చెమర్చాయి. డ్రమ్ము మోగింది. ఏడు.

పెట్టె ఆపి మళ్లీ పెడితే అంకె సున్నాకు వస్తుందని ఎదాఫెకు తెలుసు. కానీ స్తుతి మధ్యలో కీబోర్డు ఆపడమంటే పరుగెత్తే లారీకి చక్రం విప్పడమే. కరెంటు పోతే మాత్రం ఎవరూ ఎవర్నీ అనరు. అందుకని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కరెంటు పోవాలని ప్రార్థించాడు. వారంలో ఏడు రోజులూ పోయే కరెంటు, ప్రతి ఆదివారం పాట మధ్యలో పోయే కరెంటు, ఆ రోజు కన్నార్పకుండా వెలిగింది. మామా ఒచుకో నెత్తిన ఫ్యాను గిర్రున తిరిగింది.

పదకొండు దగ్గర రుకెవ్వె గొంతు రేకుల కప్పుకు తగిలి విరిగింది. డ్రమ్ము ఇంకోసారి మోగి, అంకె పన్నెండయింది. మీటకు అంతకంటే పైకి దారి లేదు. పై గొంతు పూర్తిగా పోయిన రుకెవ్వె చేసేదిలేక అడుగు గొంతుతో అందుకుంది. అందుకుని ఆశ్చర్యపోయింది. ఆ శ్రుతి తాను మొదట పాట ఎత్తుకున్నదే! ఊరంతా చుట్టి మళ్లీ తన గుమ్మంలోకే వచ్చి పడింది. పాట మెత్తగా, దానంతటదే ఆగిపోయింది.

"పన్నెండు!" అని అరిచాడు వేళ్ల మీద లెక్కపెట్టిన బాస్ గిటారు వాడు. "పన్నెండు శ్రుతులూ తిప్పాడు! ఒక్కటి కూడా వదల్లేదు!"

చప్పట్లతో మందిరం అదిరిపోయింది. ఎదాఫె చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. మొదటి వరుసలో నోసా మొహం పాలిపోయి ఉంది. పాస్టరు గారు కుర్చీలో కూలబడి, ఆ రోజు ప్రసంగాన్ని ఏడు నిమిషాల్లో ముగించారు. ఆ సందులో ఎదాఫె కీబోర్డును ఆపి, మళ్లీ పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకున్నాడు.

ముగింపు పాటకు ముందు పాస్టరు గారు మైకు అందుకున్నారు. "మన ఎదాఫెను ఇన్నాళ్లూ మనం గుర్తించలేదు. అయినా దూరం నుంచి వచ్చిన బిడ్డ. బ్రదర్ నోసా, నువ్వూ ఒక పాట వాయించు నాయనా. ఇద్దరినీ విని, ఎవరు ఉండాలో ఇవాళే చెప్పేస్తాను."

నోసా లేచి వచ్చాడు. ఎదాఫె జరిగి, పక్కనే నిలబడ్డాడు. కుర్రాడు మెట్ల వంక చూడలేదు. ముందు ఎడమ చెయ్యి చాచాడు. నల్ల టేపు కింద, ఏ రాతా లేనిచోట, చీకట్లో సొంత ఇంటి గొళ్లెం వెతుక్కునే మనిషిలా చూపుడు వేలితో తడిమి, సరిగ్గా మీట మీద ఆపాడు. ఎదాఫె ఆ వేలినే చూశాడు. పదకొండేళ్లుగా తన వేలు వెళ్లే దారి అది.

రుకెవ్వె మిగిలిన గొంతుతో పాట ఎత్తుకుంది. నోసా ఆమెను అందుకోవడానికి మీట నొక్కాడు. కుడిచెయ్యి తెల్ల మెట్ల మీదే నడుస్తోంది, ఒక్క నల్ల మెట్టునూ తాకడం లేదు. శ్రుతి ఎక్కింది. తెజిరి, కొత్తవాణ్ని కూడా ప్రోత్సహించాలి గనక, పెద్ద డ్రమ్ము మోగించాడు.

శ్రుతి మళ్లీ ఎక్కింది. నోసా కిందికి దించే మీట నొక్కాడు. అది ఉలకలేదు. మళ్లీ నొక్కాడు. కళ్లజోడు జారి ముక్కు కొసకు వచ్చింది. డ్రమ్ము మోగింది. రుకెవ్వె పాట ఒక ఊళ్లో, నోసా వాయింపు ఇంకో ఊళ్లో. ముందు వరుసలో ఇద్దరు నవ్వడం మొదలుపెట్టారు. ఎదాఫె చేతులు కట్టుకుని నిలబడితే చాలు, ఇంకో రెండు దడలకు కుర్రాడు బెనిన్ బస్సెక్కేస్తాడు. అతని చెవుల వెనక నుంచి కారుతున్న చెమటను చూశాడు ఎదాఫె. ఇందాక అదే చెమట తనది.

కుడికాలు జరిపి, గోడ పక్కనున్న కీబోర్డు కరెంటు తీగను బొటనవేలితో లాగేశాడు. కీబోర్డు ఠక్కున మూగబోయింది.

ఇద్దరూ ఒకేసారి తీగ మీదికి వంగారు.

"నీకెన్ని వచ్చు?" అన్నాడు ఎదాఫె గుసగుసగా.

"ఒకటి. తెల్లవి. నీకు పన్నెండూ వచ్చుగా అన్నా."

"ఒకటే. నల్లవి. మిగతా పదకొండూ మా ఆవిడ సబ్బు."

నోసాకు సబ్బు సంగతి అర్థం కాలేదు గానీ మనిషి అర్థమయ్యాడు. ఎదాఫె చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు.

"ఏమైందక్కడ?" అన్నారు పాస్టరు గారు.

"కరెంటు పోయిందండీ అయ్యగారూ" అన్నాడు ఎదాఫె.

"అవునండీ, పోయింది" అన్నాడు నోసా. "అయినా ఈ అన్న ఉండగా నాతో పనేముందయ్యగారూ? ఈ చోటు ఈయనదే."

పాస్టరు గారి మొహం వికసించింది. మైకును రెండు చేతులా పట్టుకుని లేచారు. ఆయన గొంతు నాలుగు స్పీకర్లలోనూ ఖంగున మోగింది. "సంఘమా! ఎదాఫె ఎక్కడికీ పోడు. ఆ కుర్చీ అతనిదే. ఇంకో పాట విందామంటే కరెంటు పోయింది!"

మూడో వరుసలోంచి మామా ఒచుకో చల్లగా అంది.

"పోతే మరి నా నెత్తిమీద ఫ్యాను ఏం చూసుకుని తిరుగుతోందయ్యా?"