‘లేకపోతే’లు పీకేసిన రోజు

"ఏటి బావా ఇది? ‘అయితే’ లోపల ‘అయితే’, దాని లోపల ఇంకోటి! సదవడానికే ఆయాసమొస్తన్నాది," అంది అనూరాధ, ఉపేంద్ర భుజం మీంచి ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూస్తూ.

"పనిసేస్తన్నాదా, లేదా?"

"పనిసేస్తే సాలా? ఒక్కో షరతూ ఒక్కో వరసలో రాయి. సక్కగుంటాది."

ఆమె చదివిందీ కంప్యూటర్లే. పొద్దున్నే ఆ రోజు వంటేమిటో ఇంటి వాట్సాప్ గ్రూపుకి పంపే ప్రోగ్రాం అది. చుట్టాలొస్తే పులిహోర, పాయసం. లేకపోతే, ఉపేంద్ర తండ్రి కాశీవిశ్వనాథంగారికి షుగరు పెరిగితే అందరికీ రాగిపిండితో కాచే చోడి అంబలి. అదీ లేకపోతే, ఆ రోజు వంటింటికి సెలవు, వంట వద్దు.

పెళ్లాం మాట కాదనలేక ఉపేంద్ర ‘లేకపోతే’లన్నీ పీకేసి వరసగా రాశాడు. ఒకటి పంపగానే అక్కడితో ఆగమని రాయడం మాత్రం మరిచాడు. అనూరాధ అప్పటికే వంటింట్లో ఉంది. ఆమె తండ్రి నరసింగరావు వస్తున్నాడు. తల్లి పోయాక పదిహేనేళ్లు ఆయనే వండి పెంచాడు. ఆయనకి తన చేత్తో వడ్డించడం ఇదే మొదటిసారి.

ఆ రోజు కాశీవిశ్వనాథంగారికి షుగరూ పెరిగే ఉంది. తొమ్మిదింటికి మూడు సందేశాలూ వెళ్లాయి. అత్తగారు పద్మకుమారి రెండోది చూసి పెరటి పొయ్యి మీద గుండిగెడు అంబలి కాచింది. కొట్లో ఉన్న కాశీవిశ్వనాథం మూడోది చూసి హోటల్నుంచి అయిదు భోజనాలు పంపించాడు. పొందూరు దాటిన రైల్లో, ఆ గ్రూపులోనే ఉన్న నరసింగరావూ మూడోదే చూశాడు.

"ఇంట్లో వంట లేదన్నారు గదా తల్లీ, రైల్లోనే తినేసేను," అన్నాడు గుమ్మంలో. మరో నాలుగు భోజనం పొట్లాలు చేతికిచ్చాడు. "మీరు పస్తుంటారేమోనని."

అనూరాధ పొట్లాలు పట్టుకుని నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు నాది మావా. పొద్దున్నించీ నీకోసమే వండతన్నాది," అన్నాడు ఉపేంద్ర.

నరసింగరావు కూతురి మొహం చూశాడు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తిన్నగా పీట మీద కూర్చున్నాడు.

"వడ్డించమ్మా."

"కడుపులో సోటుండొద్దా నాన్నా?"

"దాన్నడిగితే వద్దంటాది. ఎందుకడగడం?"

పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. పాయసం గిన్నె వేలితో తుడిచి నాకాడు. అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్న కూతురు చివరికి నవ్వేసింది.

భోజనానికని ఇంటికొచ్చిన కాశీవిశ్వనాథం ఎదురుగా ఉన్న పులిహోర, అంబలి, హోటల్ భోజనాలు, పొట్లాలు వరసగా చూసి గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నించీ ఈ ఇంట్లో వంటేటో కోడలు సెప్తాది. మిగతావోళ్లం తింటాం. అంతే."

ఇంత పొట్టి ప్రోగ్రాం ఉపేంద్ర ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ రాయలేదు.